కారు పందేలు – ఖజానా లెక్కలు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాయమని మన సంఘ కార్యవర్గం వారు కోరినప్పుడు, కాకతీయుల గూర్చో కుతుబ్‌షాహీల గూర్చో వ్రాయడానికి నాకంటే అర్హులు మన సభ్యులలోనే చాలామంది ఉన్నారని మనవి చేసుకున్నాను. సర్వీసంతా లెక్కల సెక్షనులో గుమాస్తాగా గడిపినవాడిని. నాకు తెలిసినదల్లా జమ ఏది, ఖర్చు ఏది, రసీదు లేనిది ఏది అన్నంతవరకే. ఆ కాస్త తెలివితో వ్రాయదగిన చరిత్ర ఒకటున్నదని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. ఆ వారం రోడ్లు మూసివేసినందున మన సమావేశానికి సగం మంది కూడా రాలేకపోయారు. వచ్చినవారిలో ఒక పెద్దాయన, "ఇంత హడావిడి చేశారు గదా, దీనివల్ల సర్కారుకు వచ్చేదెంతండీ? మీరు లెక్కల సెక్షను వారు గదా, చెప్పండి" అని అందరిలో అడిగారు. ఆనాడు నేను జవాబు చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. ఆ తరువాత మా మనవడి సాయంతో దొరికిన కాగితమల్లా చదివాను. ఆయన ప్రశ్నకు ఇది ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఫార్ములా వన్ అనే కార్ల పందేలకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలయినది 1950 మే 13న, ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో. అది యుద్ధకాలంలో వాడిన విమానాశ్రయం. ఆ రోజులలో ఏ ఊరి పందెం ఆ ఊరి మోటారు క్లబ్బు వారిదే. టిక్కెట్లు అమ్ముకునేది వారే, వచ్చిన కార్ల జట్లకు ఒక్కొక్క దానికి విడివిడిగా బేరమాడి సంభావన ఇచ్చేది వారే. పేరున్న డ్రైవరు ఉన్న జట్టుకు ఎక్కువ, లేని జట్టుకు తక్కువ. మన తిరునాళ్లకు నాటక సమాజాలను పిలిచేటప్పుడు పేరున్న పద్యనటుడుంటే ఒక రేటు, లేకుంటే ఒక రేటు ఉండేది చూడండి, సరిగ్గా అలాగే.

ఈ పద్ధతిని తలక్రిందులు చేసినవాడు బెర్నీ ఎకిల్‌స్టోన్ అనే ఆంగ్లేయుడు. పాత మోటారు సైకిళ్లు, కార్లు కొని అమ్మే వ్యాపారంలో పైకి వచ్చి, 1970ల మొదట్లో బ్రాభమ్ అనే జట్టును కొన్నాడు. జట్లు విడివిడిగా బేరమాడి నష్టపోతున్నాయని గ్రహించి, అందరి తరఫునా తానొక్కడే మాట్లాడతానన్నాడు. అప్పటినుంచి నిర్వాహకుడు పది జట్లతో కాక ఒక్క మనిషితో బేరమాడవలసి వచ్చింది. ఆ ఒక్క మనిషి "ఇంత ఇస్తేనే వస్తాం, లేకుంటే మరో ఊరు చూసుకుంటాం" అనగలడు. కాలక్రమేణా టెలివిజన్ హక్కులు, ట్రాక్ పక్కన ప్రకటన బోర్డుల హక్కులు కూడా ఆయన కంపెనీల చేతికి పోయినవి. 2001లో అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య వారు ఈ పందేల వ్యాపార హక్కులను 2011 మొదలుకొని నూరేళ్ల కౌలుకు ఆయన కంపెనీకి ఇచ్చివేశారు. ధర 30 కోట్ల డాలర్లు దాటింది. నూరేళ్లకు అది చవక బేరమో కాదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 2017 జనవరిలో లిబర్టీ మీడియా అనే అమెరికా కంపెనీ ఈ వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు అప్పులతో కలిపి కట్టిన విలువ 800 కోట్ల డాలర్లు.

ఇక ఆతిథ్యమిచ్చే ఊరికి మిగిలేదేమిటి? ముఖ్యంగా టిక్కెట్ల సొమ్ము. ట్రాక్ వేయడం, కంచెలు కట్టడం, బందోబస్తు, అంబులెన్సులు, ఇవన్నీ ఊరివారి ఖర్చు. పైగా పందెం తెచ్చినందుకు ఫీజు. టిక్కెట్లు అమ్ముడుపోయినా పోకపోయినా, వానపడినా ఎండకాసినా, ఆ ఫీజు కట్టవలసిందే. వాన అన్నది మాటవరసకు అనలేదు. 2000 సంవత్సరంలో సిల్వర్‌స్టోన్ పందెం ఏప్రిల్‌లో పెట్టగా, వానలకు కార్లు నిలిపే పొలాలు బురదగుంటలై, శనివారం నాడు ప్రేక్షకులను రావద్దని చెప్పవలసి వచ్చింది.

ఆ సిల్వర్‌స్టోన్ ఒప్పందమే మరొక విధంగా చూడదగినది. అక్కడి ట్రాక్ డ్రైవర్ల క్లబ్బు వారి సొంతం, ప్రభుత్వం చేయూత లేదు. 2010లో వారు కట్టిన ఫీజు 1 కోటి 15 లక్షల పౌండ్లు. ఏటా నూటికి 5 చొప్పున పెంచుతూ పోవాలని షరతు. అయిదే గదా అనుకుంటాం. కానీ పెరిగినదాని మీద మళ్లీ పెరుగుదల, అనగా చక్రవడ్డీ. ఏడేళ్లు తిరిగేసరికి, 2017లో అది 1 కోటి 62 లక్షలయింది. అలాగే సాగితే 2026కు రెండున్నర కోట్లు. 2015లో 28 లక్షలు, 2016లో 48 లక్షల పౌండ్లు నష్టం వచ్చేసరికి క్లబ్బు వారు 2017 జులైలో ఒప్పందంలోని విరమణ షరతును వినియోగించుకుని, 2019 తరువాత మాకొద్దని నోటీసు ఇచ్చారు. వారు సొంత డబ్బు పోగొట్టుకుంటున్నవారు, అందువల్ల ఆ పని చేయగలిగారు. చివరకు 2019లో ఇరువురూ కొత్త ఒప్పందం చేసుకున్నారు. ఫీజు మీద బేరం ఆడవచ్చునని, ఆడితే ఫలితముంటుందని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ ఫీజులు క్లబ్బులు భరించలేని స్థాయికి పోయినకొద్దీ ప్రభుత్వాలు రంగంలోకి దిగినవి. 1985లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరం పందెం తెచ్చుకుంది. 1999లో మలేషియా కౌలాలంపూర్ దగ్గర సెపాంగ్‌లో ట్రాక్ కట్టింది. బహ్రెయిన్, చైనా 2004లో వచ్చి చేరినవి. ఐరోపాలో పొగాకు కంపెనీల ప్రకటనలు నిషేధిస్తూ వచ్చినందున, ఆ నిషేధం లేని తూర్పు దేశాలు నిర్వాహకులకు మరింత ముద్దయినవి. పోటీ పెరిగే కొద్దీ ఫీజు పెరిగింది. మలేషియా 2017తో మానుకున్నది. దక్షిణ కొరియా వారు యోంగామ్ అనే మారుమూల చోట ట్రాక్ కట్టి, ఏడేళ్ల ఒప్పందంలో 2010 నుంచి 2013 వరకు నాలుగు పందేలు మాత్రమే జరిపి, నష్టాలు తాళలేక విరమించారు.

మన దేశం సంగతికి వస్తాను. ఉత్తరప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడాలో జేపీ సంస్థ వారు బుద్ధ ఇంటర్నేషనల్ సర్క్యూట్ కట్టి, 2011 అక్టోబరు 30న మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిపారు. 2011, 2012, 2013 మూడేళ్లూ జర్మనీకి చెందిన సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. ఆ తరువాత ఫార్ములా వన్ అక్కడికి రాలేదు. ఈ వ్యవహారం తాలూకు ఒప్పందాలు మామూలుగా అయితే బయటకు వచ్చేవి కావు. ఆదాయపు పన్ను శాఖ పుణ్యమా అని అవి కోర్టుకు ఎక్కి, 2017 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో అచ్చయినవి. తీర్పు పొడవుగానే ఉంటుంది గాని, లెక్కల సెక్షనులో పనిచేసినవారికి నవలకంటే ఆసక్తిగా ఉంటుంది.

అందులో ఉన్నదేమంటే, పందెం జరిపే హక్కుకై జేపీ వారు విదేశీ కంపెనీకి ఇవ్వవలసినది 4 కోట్ల డాలర్లు. ఒప్పందం తేదీ 2011 సెప్టెంబరు 13. అదే రోజున జేపీ వారు మరికొన్ని కాగితాల మీద సంతకాలు చేసి, తమ ట్రాక్‌లో టెలివిజన్ హక్కులు, పేరుపెట్టుకునే ప్రకటన హక్కులు, ఖరీదయిన అతిథుల గదుల హక్కులు ఆ కంపెనీ అనుబంధ సంస్థలకే తిరిగి ఇచ్చివేశారు. ఇంకా వింత ఏమంటే, పందానికి తమ పేరు తగిలించుకునే హక్కును ఎయిర్‌టెల్ కంపెనీకి 80 లక్షల డాలర్లకు ఆగస్టులోనే అమ్మేశారు. అనగా జేపీ వారి నుంచి తమకు హక్కు సంక్రమించడానికి ముందే! మన ఆఫీసులో ఎవరైనా ఇండెంటు కంటే ముందు తేదీతో బిల్లు పెడితే సూపరింటెండెంటు గారు ఎన్ని మాటలనేవారో ఊహించుకుని నవ్వుకున్నాను.

ఇప్పుడు కాగితం పెన్సిలు తీసుకుందాం. 2011 అక్టోబరులో డాలరు దాదాపు 49 రూపాయలు. 4 కోట్ల డాలర్లంటే ఇంచుమించు 200 కోట్ల రూపాయలు. పందెం రోజున వచ్చిన జనం 95 వేలని వార్త. ఫీజు ఒక్కటే పంచినా తలకు 21 వేల రూపాయలు పడుతుంది. ఆ ఏడు టిక్కెట్టు 2,500 నుంచి 35,000 దాకా ఉన్నది, కొన్నవారిలో ఎక్కువమంది క్రింది తరగతుల వారే అయి ఉంటారు గదా. 2013 అక్టోబరుకు వచ్చేసరికి డాలరు 61 రూపాయలు దాటింది. ఫీజు ఒక్క డాలరు పెరగలేదనుకున్నా, రూపాయి పడిపోయినందువల్లనే 45 కోట్లకు పైగా అదనపు భారం. వచ్చిన జనమేమో 60 వేలకు తగ్గారు. ఇప్పుడు తలకు 40 వేల పైచిలుకు. మొదటి ఏడాది అన్నిటికంటే ఖరీదయిన టిక్కెట్టు కంటే కూడా ఎక్కువ! ట్రాక్ కట్టిన అప్పుకు వడ్డీ ఇందులో కలపనేలేదు. దీనికి తోడు కేంద్ర ప్రభుత్వం ఇది క్రీడ కాదు, వినోదమని చెప్పి సుంకాల మినహాయింపు ఇవ్వలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వినోదపు పన్ను మినహాయింపు మీద వ్యాజ్యం పడి, టిక్కెట్ల సొమ్ములో నాలుగో వంతు విడిగా ఖాతాలో ఉంచమని సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆ విదేశీ కంపెనీ వాదన మాత్రం, మాకు ఇండియాలో ఆఫీసే లేదు, మూడు రోజుల పందానికి పన్నేమిటని. పందెం జరిగిన ఆ సర్క్యూటే మీ స్థిర వ్యాపార స్థలమని, ఇక్కడ వచ్చిన ఆదాయం మీద ఇక్కడ పన్ను కట్టవలసిందేనని న్యాయమూర్తులు తేల్చారు. ఈ పందేల వల్ల మన ఖజానాకు ఏదైనా గట్టి జమ పడే దారి ఏర్పడినదంటే అది ఈ తీర్పు వల్లనే, పందెం వల్ల కాదు. జేపీ వారి ముఖ్య సంస్థ 2024 జూన్‌లో దివాలా ప్రక్రియలోకి పోయింది. వారి అప్పులు నానా విధాలయినవి గనుక, పందేలే ముంచినవనడం న్యాయం కాదు. అక్కడ ప్రభుత్వం నేరుగా ఫీజు కట్టలేదని, పోయినది ప్రైవేటు వారి డబ్బని కూడా చెప్పాలి. స్థలం మాత్రం ప్రభుత్వ సంస్థ కేటాయించినదే. బకాయిలు చెల్లించలేదని 2020లో ఆ కేటాయింపు రద్దు చేశారు.

ప్రభుత్వమే నేరుగా డబ్బు పెడితే ఎలా ఉంటుందో చూడాలంటే మెల్‌బోర్న్ వెళ్లాలి. మన సభ్యులలో పిల్లలు అక్కడ ఉన్నవారు చాలామందే. ఆల్బర్ట్ పార్క్ చెరువు చుట్టూ పొద్దున నడిచి వచ్చినవారూ ఉంటారు. నల్లహంసలు ఈదే ఆ చెరువు చుట్టూ ఉన్న రోడ్డే పందెం ట్రాక్. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం అడిలైడ్ నుంచి పందాన్ని తన్నుకుపోయినట్లు 1993 డిసెంబరులో ప్రకటించి, 1996లో మొదటిసారి జరిపింది. ఏటా పందానికి ముందు నెలల తరబడి కంచెలు, గ్యాలరీలు కట్టడం, అయిన తరువాత విప్పడం. పార్కు మాదని అక్కడి నివాసులు పసుపు రిబ్బన్లు కట్టుకుని ఉద్యమం చేశారు. చెరువు చుట్టూ నడిచే పెద్దవారి ఇబ్బంది ఏ లెక్కలోకి రాదన్నది వారి బాధ. నెక్లెస్ రోడ్డు మీద పొద్దుటి నడకకు వెళ్లే మన మిత్రులకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

మొదటి ఏడాది ప్రభుత్వం పూడ్చవలసి వచ్చిన లోటు 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల లోపే. 2012 నాటికి అది 5 కోట్ల 60 లక్షలు దాటింది. 2023లో 10 కోట్లు దాటింది. జనం రాలేదా అంటే, ఆ ఏడు నాలుగు రోజులకు కలిపి 4 లక్షల 44 వేల మంది వచ్చారని నిర్వాహకుల లెక్క. జనం పెరుగుతున్నారు, లోటూ పెరుగుతున్నది. అందులో ఫీజు ఎంత అన్నది మాత్రం వ్యాపార రహస్యమని ఆ సంస్థ వార్షిక లెక్కలలో చూపరు. పన్ను కట్టినవాడికి తెలియకూడని ఖర్చు ఏమిటో నాకు ఈనాటికీ బోధపడలేదు.

2007లో ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ గారు 2005 నాటి పందెం మీద ఒక నివేదిక ఇచ్చారు. ఒకే పందానికి ఆయన రెండు పద్ధతులలో లెక్క కట్టించారు. మొదటి పద్ధతిలో రాష్ట్ర ఆర్థిక వ్యవస్థకు 6 కోట్ల 24 లక్షల డాలర్ల మేలు. రెండవ పద్ధతిలో 67 లక్షల డాలర్ల నష్టం. ఈ రెండూ ఎలా నిజమవుతాయని మా మనవడు అడిగితే, మా ఊరి తిరునాళ్లతో చెప్పాను. తిరునాళ్లలో మిఠాయి కొట్టువాడికి, గాజులవాడికి, రంగులరాట్నం వాడికి వ్యాపారం బాగా సాగుతుంది. చేతులు మారిన ఆ సొమ్మంతా కూడితే ఒక అంకె వస్తుంది. అది మొదటి పద్ధతికి దగ్గరగా ఉంటుంది. రెండో పద్ధతిలో, దీపాలకు, తాగునీటికి, పారిశుధ్యానికి పంచాయతీ పెట్టినదెంత, ఊరివారు పడ్డ ఇబ్బంది ఎంత అన్నవన్నీ తీసివేసి, నికరంగా మిగిలినదేమిటో చూస్తారు. పైగా మా ఊరివాడు తిరునాళ్లలో పెట్టిన రూపాయి, లేకుంటే వారపు సంతలో పెట్టేదే. పొరుగూరివాడు తెచ్చిన రూపాయి మాత్రమే ఊరికి కొత్త. అందుకని ఎవరైనా ఇంత మేలు జరిగిందని అంకె చెప్పినప్పుడు, అది ఏ పద్ధతిదని అడగాలి. పందెం కావాలనేవారు ఎప్పుడూ మొదటిదే చెబుతారు.

అయితే అన్ని చోట్లా నష్టమే అని వ్రాస్తే నేనూ ఏకపక్షమవుతాను. సింగపూరు వారు 2008లో నగర వీథులలోనే రాత్రి పందెం పెట్టారు. ఖర్చులో నూటికి 60 వంతులు ప్రభుత్వం భరించింది. కానీ ఊరికే భరించలేదు. పందెం రోజులలో గదుల అద్దెలు విపరీతంగా పెంచి లాభపడేది హోటళ్ల వారే గనుక, మొదటి ఏడాది ట్రాక్ పక్కనున్న హోటళ్ల గదుల రాబడి మీద నూటికి 30, మిగిలిన హోటళ్ల మీద 20 చొప్పున ప్రత్యేక సెస్సు విధించారు. మొదటి తొమ్మిది పందేలకు నాలుగున్నర లక్షల మంది విదేశీయులు వచ్చారని, 140 కోట్ల సింగపూరు డాలర్ల పర్యాటక ఆదాయం వచ్చిందని అక్కడి పర్యాటక సంస్థ లెక్క. అది మొదటి పద్ధతి లెక్కే అయినా, సెస్సు మాత్రం ఖజానాలో పడిన అసలు జమ. ఎవరికి లాభమో వారి దగ్గరే వసూలు చేయాలన్న ఈ చిన్న తెలివి మిగిలిన చోట్ల ఎందుకు తోచలేదో తెలియదు.

మన హైదరాబాదుకు ఈ మోజు కొత్తది కాదు. 2003-04లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫార్ములా వన్ తేవాలని ప్రయత్నించింది. 2004 ఎన్నికల తరువాత వచ్చిన ప్రభుత్వం దానిని పక్కన పెట్టింది. తరువాత 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ అనే విద్యుత్ కార్ల పందెం జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్, ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ ఏడు ప్రైవేటు సంస్థ ఒకటి ముందుకు వచ్చి ఖర్చులో భాగం పంచుకున్నది. 2024 ఫిబ్రవరిలో జరగవలసిన రెండో పందాన్ని, ఒప్పందం అమలు కాలేదంటూ నిర్వాహకులు జనవరిలోనే రద్దు చేశారు. రెండో ఏడాదికై నగరాభివృద్ధి సంస్థ నుంచి చెల్లించిన దాదాపు 55 కోట్ల రూపాయల మీద 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసింది. తప్పెవరిదన్నది కోర్టులు తేల్చవలసినది, నా పని కాదు.

నా పని లెక్క. పందెం రద్దు చేసినప్పుడు నిర్వాహకులు విడుదల చేసిన ప్రకటనలో, 2023 పందెం వల్ల ఈ ప్రాంతానికి దాదాపు 8 కోట్ల 40 లక్షల డాలర్ల ఆర్థిక ప్రయోజనం కలిగిందని ఒక విదేశీ సర్వే సంస్థ లెక్క కట్టినట్లు వ్రాశారు. మన రూపాయలలో అది సుమారు 700 కోట్లు. పెద్ద అంకె. కానీ చెల్లించిన 55 కోట్లకు తేదీ ఉన్నది, బ్యాంకు ఉన్నది, వోచరు ఉన్నది. ఈ 700 కోట్లకు ఏ పద్దు కింద, ఏ చలాను మీద జమ పడినదో నేను చదివిన కాగితాలలో ఎక్కడా లేదు. అందులో హోటళ్లకెంత, విమానాలకెంత, పొరుగు దేశాల వారు తెచ్చినదెంత, మన ఊరివారే ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేసినదెంత అన్న వివరం నాకు దొరకలేదు. మన కరువు భత్యం వాయిదా ఒకటి విడుదల కావాలంటే ఎన్ని ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబు చెప్పాలో మనకందరికీ తెలిసినదే. ఆ ప్రశ్నలలో రెండు మూడయినా ఈ అంకెనూ అడిగి ఉంటే బాగుండేది.

సమావేశంలో ప్రశ్న వేసిన పెద్దాయనకు నేను ఇప్పుడు చెప్పగలిగినది ఇంతే: సర్కారు చెల్లించినది తెలిసిందండీ, సర్కారుకు వచ్చినది కనబడలేదు. ఎవరికైనా కనబడితే నా లెక్క దిద్దుకుంటాను. సుప్రీంకోర్టు తీర్పు ప్రతిని, విక్టోరియా ఆడిటు నివేదికలోని ముఖ్యమైన పేజీలను మా మనవడు అచ్చు తీసి ఇచ్చాడు. రెండూ కుట్టించి సంఘం గ్రంథాలయంలో ఉంచాను. అక్షరాలు చిన్నవి, కళ్లద్దాలు మరచిపోకుండా తెచ్చుకోవలసిందిగా మనవి.